తొట్టి మీద మనసు ఎందుకు విరిగింది?

ప్రశ్న: ఎంతో ఇష్టంగా మొక్కల అక్వేరియం పెట్టుకున్నాను. మొదటి మూడు నెలలూ పొద్దున లేవగానే దాని ముందే కూర్చునేవాణ్ని. ఇప్పుడు అటు చూడబుద్ధి కావడం లేదు. మాది బేతంచెర్ల. ఎందుకిలా? మళ్లీ ఇష్టం కలగాలంటే ఎలా?

జవాబు: ముందు ఒక పని చేయండి. తొట్టిలో అందానికి పెట్టిన రాయిని బయటికి తీసి, కడిగి ఆరబెట్టి, దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలు లేచాయా? అయితే అది సున్నపురాయి. మీ ఊరి నాపరాయీ ఆ జాతిదే.

వాన నీరు నేలలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. ఆ పులుపుతో సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. మీ పక్కనున్న బిల్లసర్గం గుహలనూ, 3,229 మీటర్ల పొడవైన బెలుం గుహలనూ తొలిచింది ఇలాంటి నీరే. గుహలో గాలి తగిలి ఆ వాయువు తప్పుకుంటే, కరిగిన సున్నం మళ్లీ రాయై వేలాడుతుంది. మీ బోరునీళ్లూ ఆ దారినే వస్తాయి. కుళాయి మూతికి పట్టే తెల్లటి గార, ఎంతకీ ఉడకని పప్పు అందుకు సాక్ష్యం.

ఇక మొక్కల సంగతి. జపాన్‌కు చెందిన తకాషి అమానో తొట్టెల ఫొటోలు చూసి ముచ్చటపడని వారుండరు. ఆ తరహా తొట్టెలకు సున్నం తక్కువున్న మెత్తని నీళ్లు, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ కావాలి. అవి లేకపోయినా, మీ మొక్కలు నర్సరీలో దాచుకున్న సత్తువతో మొదట్లో కళకళలాడాయి. అది అయిపోయాక ఆకులు పాలిపోయాయి, వాటి మీద నాచు పట్టింది.

పైగా మన ఎండలు. ఆవిరయ్యేది నీరే, సున్నం తొట్టిలోనే ఉంటుంది. లెక్కకు 60 లీటర్ల తొట్టి అనుకుందాం. నీటి కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నం, లీటరుకు 400 మిల్లీగ్రాములు. రోజూ తగ్గిన ఒక లీటరును బోరునీళ్లతోనే నింపితే నెలకు 12 గ్రాములు చేరుతుంది. అంటే కాఠిన్యం 600కు చేరినట్టే. తాగే నీటికి మన ప్రమాణాలు ఒప్పుకునే చివరి హద్దు అది.

కాబట్టి మీది బద్ధకం కాదు. తొట్టి ఇచ్చేది తగ్గింది, అడిగేది పెరిగింది. ఆదివారమంతా గీకి కడిగినా బుధవారానికి మళ్లీ నాచు. ఎవరికైనా విసుగే.

మరి ఎలా? నీటితో పోట్లాట మానండి. ఆవిరైన మేరకు ఆర్వో క్యాను నీళ్లు పోయండి. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, సగం బోరు, సగం ఆర్వో కలిపి నింపండి. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు. వేసవిలో పైమూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి. వేడెక్కిన నీటిలో చేపలకు ఆక్సిజన్ తగ్గుతుంది.

మొక్కలు మార్చండి. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా తెచ్చుకోండి. గాలి నుంచి కరిగే కార్బన్ డయాక్సైడ్ చాలకపోతే, సున్నపు నీటిలో పుష్కలంగా ఉండే బైకార్బనేట్‌నే ఇవి తిండిగా చేసుకుంటాయి. గప్పీలు, మోలీలకూ ఈ నీళ్లు హాయి. ఇవి ఉన్నంతకాలం ఆ సున్నపురాయిని తిరిగి లోపల పెట్టినా పరవాలేదు.

ఒకవేళ మానేయాలనిపిస్తే నిక్షేపంగా మానేయండి. చేపల్ని మాత్రం చెరువులోకో కాలవలోకో వదలకండి; పెంచుకునేవారికి ఇవ్వండి.

ఉంచుకుంటే, కొన్ని వారాలయ్యాక వాలిస్నేరియా ఆకును వేళ్ల మధ్య పెట్టి నిమరండి. గరుగ్గా, ముగ్గుపిండి అద్దినట్టు తగిలితే అది సున్నమే. ఆకు తన తిండి తాను తీసుకుని, మిగిలిన రాయిని ఒంటి మీద వదిలేసింది. బెలుంలో చుక్కచుక్కగా వేల ఏళ్లు సాగే పని మీ కిటికీ పక్కనే జరుగుతోంది.