మధ్యాహ్నానికి నీరసించే కోత మిషన్

"పొద్దున గుర్రంలా ఉంటుంది సార్. పన్నెండయ్యేసరికి గట్టు కూడా ఎక్కనంటుంది."

రబీ కోతలప్పుడు ఒక సాయంత్రం నా పాత విద్యార్థి అన్న మాట ఇది. గూడూరు చుట్టుపక్కల వరి పొలాల్లో చైన్ల మీద నడిచే కోత మిషన్ నడుపుతాడు. పాత బండి. ఇంజిన్ శబ్దం మారలేదు, నల్లపొగ లేదు. మరి బలం ఎక్కడికి పోతోంది?

"హైడ్రాలిక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు అబ్బయా?" అన్నాను. తల గోక్కున్నాడు.

ఈ మిషన్లో మడి మధ్యలో క్లచ్ తొక్కి గేరు మార్చే పని లేదు. లివర్ ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, నడుమ ఉంచితే నిలబడుతుంది. దీన్ని హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. వరి దట్టంగా ఉన్నచోట మిషన్ నెమ్మదిగా పోవాలి, గింజ రాల్చే డ్రమ్ము వేగం మాత్రం తగ్గకూడదు. ఇంజిన్‌ను ఒకే జోరులో ఉంచి నడకను మాత్రం మార్చాలి. ఆ పని చేసేది ఆయిల్.

లోపలున్న పంపు ఒక చిన్న రంగులరాట్నం. గుండ్రటి దిమ్మ, దాని చుట్టూ రంధ్రాలు, రంధ్రానికొక పిస్టన్. మామూలుగా తొమ్మిది. దిమ్మ ఇంజిన్ వల్ల తిరుగుతుంది. పిస్టన్ల కాళ్లు ఒక పళ్లెం మీద జారుతూ పోతాయి. ఆ పళ్లెం తిరగదు, లివర్ జరిపినప్పుడు వాలుతుంది, అంతే. అదే స్వాష్ ప్లేటు.

పళ్లెం వాలకుండా ఉంటే పిస్టన్లు ఊరికే చుట్టూ తిరుగుతాయి, ఆయిల్ కదలదు, బండి నిలబడుతుంది. కాస్త వాల్చితే ప్రతి పిస్టనూ ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి పోతూ ఆయిల్‌ను పీల్చి తోస్తుంది. ఎంత వాలితే అంత ఆయిల్, అంత వేగం. రెండో వైపు వాల్చితే ఆయిల్ ఎదురు తిరుగుతుంది, బండి వెనక్కి నడుస్తుంది. ఆ ఆయిల్ చేరే హైడ్రాలిక్ మోటారులోనూ ఇలాంటి దిమ్మే ఉంటుంది. అక్కడ ఆయిల్ పిస్టన్లను తోస్తే దిమ్మ తిరుగుతుంది. ఒక పళ్లెం వాలులో క్లచ్చూ, గేర్లూ, రివర్సూ అన్నీ ఇమిడిపోయాయి!

కారు టైరులో గాలి పీడనం రెండు బార్లకు కాస్త ఎక్కువ. ఇక్కడ బరువు పడితే రెండు వందల బార్లు దాటుతుంది. అంత పీడనాన్ని ఆపేది పిస్టన్‌కూ రంధ్రానికీ మధ్య వెంట్రుక మందం కూడా లేని సందులోని ఆయిల్ పొర. ఆ సందులోంచి కొంత ఆయిల్ కారాల్సిందే, లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది. కారిన మేరకు చార్జ్ పంపు అనే చిన్న పంపు ట్యాంకు నుంచి తెచ్చి నింపుతుంది.

చిక్కంతా ఇక్కడే. అరిగి సందు రెట్టింపైతే కారే ఆయిల్ ఎనిమిది రెట్లవుతుంది. పొద్దున ఆయిల్ చిక్కగా ఉండి ఆ అరుగుదలను దాచేస్తుంది. వేడెక్కి పలచబడితే సందులోంచి జారిపోతుంది. అలా వృథా అయిన శక్తి మళ్లీ వేడిగానే మారుతుంది. ఆ వేడికి ఆయిల్ ఇంకా పలచబడుతుంది.

చరిత్రలోకి వెళ్తే, విలియమ్స్, జానీ అనే అమెరికన్లు ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇలాంటి యంత్రం చేస్తే, యుద్ధనౌకల ఫిరంగులు తిప్పడానికి వాడారు. 1967లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 656 ట్రాక్టరుకూ ఇది వచ్చింది. అయినా దున్నకంలో గేర్లదే పైచేయి. గేరు పళ్లు శక్తిని ఇంతగా వేడికి ఒప్పగించవు.

మా వాడి బండి దగ్గరికొస్తే, ముందు చూసింది ఆయిల్ మట్టం, రంగు. పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు, నురగొస్తే గాలి పీలుస్తున్నట్టు. తర్వాత పంపు బెల్టు, లివర్ కేబుల్, ఫిల్టర్. ఆయిల్ కూలర్ రెక్కల నిండా వరి పొట్టు. అది ఊదేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చాక మధ్యాహ్నం నీరసం చాలావరకు పోయింది. పూర్తిగా కాదు. పంపు కొంత అరిగిందన్నమాటే.

కోత మిషన్ ఉన్నవాళ్లకు ఒక మాట. చల్లగా ఉన్నప్పుడూ బలం లేకపోతే బెల్టు, కేబుల్, ఫిల్టర్ చూడండి. వేడెక్కాకే బలం తగ్గితే ముందు కూలర్, ఆయిల్ చూసి, చార్జ్ పీడనం కొలిపించండి. ఆ తర్వాతే పంపు విప్పండి. విప్పేది పొలం గట్టు మీద మాత్రం కాదు. ఆ సందులో ఇసుక రేణువు పడినా పంపు గీసుకుపోతుంది.