కిలుములో దాగిన యక్షరములు



మా యత్తగారు రామేశ్వరయాత్రకు బోయినపుడు, వైగైనది యిసుకలో దొరికినదని మధురలో నెవరో యీయగా నొక చిన్న రాగిబిళ్లను దెచ్చి కుంకుమభరిణెలో దాచుకొనిరి. అది చిటికెనవ్రేలి గోరంత. పచ్చని కిలుము పట్టి యుండెను. నేను కాపురమునకు వచ్చిన తొలియేట, పండుగకు చెంబులు తోముచు దానినిగూడ చింతపండుతో తోమి, తళతళలాడుచున్నదని మురిసితిని. అత్తగా రేమియు ననలేదు. సాయంకాలము మావారు దానిని దీపముకడ త్రిప్పి చూచి, "అక్షరములు పోయినవే!" యనిరి. ఆ మాట నేటికిని నా మనస్సున ముల్లువలె నున్నది.

అది రోమక చక్రవర్తుల నాణెమని పిమ్మట తెలిసికొంటిని. రోమకము మన పెద్దలకు క్రొత్తపేరు గాదు. వరాహమిహిరుని పంచసిద్ధాంతములలో రోమకసిద్ధాంత మొకటి. క్రీస్తుశకము మొదటి రెండు శతాబ్దులలో రోమకుల బంగారు, వెండి నాణెములు మన దేశమునకు విరివిగా వచ్చినవి. మన తీరమున మసాలియా యను సీమలో సన్నని వస్త్రములు నేయుదురని ఆనాటి గ్రీకు నావికుడొకడు వ్రాసియున్నాడు. చిన్న రాగినాణెములు 4, 5 శతాబ్దులవి. ఇవి మధుర, కరూరు ప్రాంతముల నదుల యిసుకలోను, సింహళమునను మిక్కిలిగా దొరకినవి.

వీనిని గుర్తించు విధ మిది. ముందువైపున కుడిదిక్కునకు జూచుచున్న రాజముఖము, తలకు ముత్యాలపట్టి యుండును. చుట్టునుండు వ్రాతకు మొదట డి, ఎన్ అను లాటిను లిపి యక్షరములు తఱచుగా గానవచ్చును. 'మా ప్రభువు' అను మాటల కవి పొడియక్షరములు. తరువాత రాజు పేరు. వెనుకవైపున ధ్వజముల కిరుప్రక్కల నిద్దరు భటులున్నచో 330 ప్రాంతమున కాన్‌స్టంటైను కాలమున మొదలైన తీరు. గుఱ్ఱముతో కూలిన శత్రువును భటుడు బల్లెమున బొడుచుచున్నచో అది 348లో మొదలైన వరుస. దండనడుమ సిలువ యున్నచో 5వ శతాబ్ది దనవచ్చును. అన్నిటికంటె క్రింద టంకసాల నగరముపేరు పొడియక్షరములలో నుండును.

మన కృష్ణా గోదావరీ మండలములలో దొరకు శాతవాహనుల సీసపు నాణెములు వేఱు. వానిపై సాధారణముగా ఏనుగో, ఓడయో, నాలుగు వలయములను కలిపిన గుర్తో యుండును, వ్రాత బ్రాహ్మీలిపి. సీసము విషము గనుక పిల్లల నోటికి దానిని చేరనీయరాదు.

ఇంతటి చరిత్రయు కిలుముపొరలోనే నిలిచియుండును. లోహము శతాబ్దులుగా మాఱి మాఱి ఆ పొర యగును. అక్షరముల రూపు దానియందే మిగులును. చింతపండు పులుపు ఆ పొరను కరగించినచో అక్షరములును దానితోనే పోవును. కావున పాతనాణెము చేతికి వచ్చినచో చింతపండు, నిమ్మపండు, బూడిద తగులనీయక, మంచినీట తడిపి, మెత్తని కుంచెతో మన్ను మాత్రము తొలగించి, నీడ నారబెట్టుడు. భూమిలో పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు దెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది.

1786లో నెల్లూరికడ నొక రైతు దున్నుచుండగా చిన్న గుడి శిథిలములలో రోమక బంగారు నాణెముల కుండ బయటపడెను. అతడు వానిని పాతబంగారముగా నమ్మెను. పెక్కు కరగిపోయినవి, ముప్పదికి బైబడి మాత్రము దక్కినవి. ఆ రైతు మూసలో గోలుపోయినదానిని నేను చింతపండులో గోలుపోయితిని.

నాణెములను పరీక్షించువానికి కౌటిల్యుడు రూపదర్శకుడని పేరిడెను. ఇంటిలోని పాతపెట్టెలకు ఆ యధికారము మనదే. మా బిళ్లపై నిపుడు కూలిన గుఱ్ఱము కాలొకటి, ముఖపు నీడ యొకటి మిగిలినవి. "ఈ రాజెవరమ్మా?" యని మా యమ్మాయి యడుగును. కాలము చెప్పగలను, పేరు చెప్పజాలను.