వనయాత్రకు తగిన కాలం

హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయాన ఉన్న కంచన్‌బాగ్ పేరు వినగానే రక్షణ పరిశోధనశాలలు, క్షిపణుల కర్మాగారం స్ఫురిస్తాయి. అడవికీ ఆ పేటకూ ఏ సంబంధమూ లేదనిపిస్తుంది. కాని ఆ పేటకు పడమట, మీరాలం చెరువు చెంత, 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉంది. తూర్పున, విజయవాడ రహదారి పక్కన, మహావీర్ హరిణ వనస్థలి ఉంది. మొదటిచోట ఆఫ్రికా ఖండపు జిరాఫీ, నీటిగుర్రమూ మనిషి ఏర్పరచిన ఆవరణలో, మనిషి పెట్టే మేతతో జీవిస్తాయి. రెండవచోట ఈ నేలకే చెందిన కృష్ణజింకలు వాన కురిస్తే పచ్చిక మేస్తూ, ఎండ ముదిరితే నీటిని వెదుక్కుంటూ తిరుగుతాయి. జంతుప్రదర్శనశాలకు ఏ నెలలో వెళ్ళినా చూడదలచినది చూడవచ్చు. వనస్థలిలో అలా కుదరదు. అక్కడ కంటికి ఏది కనబడాలో ఋతువు నిర్ణయిస్తుంది. లక్షల రూపాయలు వెచ్చించి ఆఫ్రికాకు పోయే సంపన్న యాత్రికునికైనా, సెలవురోజున సిటీబస్సెక్కి వనస్థలిపురం చేరే విద్యార్థికైనా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు వెళ్ళాలి?

వన్యమృగాలను వాటి నెలవులలోనే చూడటానికి చేసే ప్రయాణాన్ని లోకమంతా ‘సఫారీ’ అంటున్నది. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ఈ మాటకు ప్రయాణమని అర్థం. దానికి మూలం అరబ్బీ భాషలోని ‘సఫర్’. పాతబస్తీ వీధులలో నిత్యం వినబడే ఉర్దూ మాట ‘సఫర్’ కూడా ఆ మూలం నుండి పుట్టినదే. ఒకప్పుడు సఫారీ అంటే తుపాకి పట్టుకొని సాగించే వేట. నేడది కెమెరా పట్టుకొని చేసే విహారం. వనస్థలి చరిత్ర కూడా ఇటువంటిదే. నిజాము వేటమైదానంగా ఉన్న ఆ ప్రదేశాన్ని, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా, 1975లో హరిణ వనంగా ప్రకటించారు. అహింసను పరమధర్మంగా బోధించిన మహనీయుని పేరు ఒక వేటమైదానానికి దక్కడం ముచ్చటైన విషయం. 1994లో అది జాతీయ ఉద్యానంగా గుర్తింపు పొందింది.

తెలుగువారు ఏడాదిని ఆరు ఋతువులుగా విభజించుకున్నారు. ఉష్ణమండలపు అడవిమృగానికి మాత్రం ఋతువులు రెండే: నీరున్న కాలం, నీరు లేని కాలం. వానలు కురిసినప్పుడు ప్రతి పల్లమూ కుంటగా మారుతుంది. దాహం తీర్చుకోవడానికి ఏ మృగమూ దూరం పోనక్కరలేదు. కనుక మందలు అడవి అంతటా చెదరిపోతాయి. గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఆకుల దట్టం అడుగు దూరంలో ఉన్న జంతువును సైతం కనబడనీయదు. బండి బాటలు బురదమయమవుతాయి. వానలు వెనుకబట్టిన కొద్ది నెలలకు దృశ్యమంతా తారుమారవుతుంది. కుంటలు ఒకటొకటిగా ఎండిపోగా, మిగిలిన నీటివద్దకు దుప్పి, అడవిపంది, వాటిని వెంబడించే పులి, చిరుత అన్నీ రాక తప్పదు. ఆఫ్రికా యాత్రలను గురించి వ్రాసే మార్గదర్శక గ్రంథాలు పొడికాలమే ఉత్తమమని చెప్పడానికి కారణం ఇదే. కెన్యా, టాంజానియాలలో ఈ కాలం జూన్ నుండి అక్టోబరు వరకు ఉంటుంది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ ఉద్యానంలో మే నుండి సెప్టెంబరు వరకు సాగుతుంది.

నల్లమల అడవికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ పరిసరాలలో కృష్ణానదికి ఇరువైపులా వ్యాపించిన ఈ అరణ్యాన్ని 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఉత్తర భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వచ్చింది. ఇది ఆకురాల్చే అడవి. మాఘమాసం గడిచేసరికి చెట్లు బోడివారుతాయి. ఆకులేని మోదుగ కొమ్మలపై ఎర్రని పూలు నిప్పుకణికల వలె మెరుస్తాయి. ఆపైన ఇప్పపూలు రాలుతాయి. వాటికోసం మృగాలూ మనుషులూ కూడా చెట్ల కిందికి చేరుతారు. చైత్ర వైశాఖాలలో చూపు ఎంతో దూరం సాగుతుంది. వాగులలో చెలమలు సైతం ఇంకిపోయినప్పుడు అటవీశాఖవారు నేలలో పళ్ళెం ఆకారపు తొట్టెలు కట్టించి, ట్యాంకర్లతో నీరు తెచ్చి నింపుతారు. ఆ తొట్టెకు దూరంగా, అలికిడి లేకుండా తెల్లవారుజామున వేచి ఉన్నవారికి వానకాలమంతా తిరిగినా దొరకని దృశ్యం దొరకవచ్చు.

అయితే, చూసేవారికి సులువైన ఈ కాలమే బ్రతికేవాటికి గడ్డుకాలం. మార్గదర్శక గ్రంథాలు ఈ సంగతిని తరచుగా దాటవేస్తాయి. మృగం నీటివద్దకు వస్తున్నది యాత్రికునికి కనబడాలని కాదు. మరెక్కడా నీరు లేక. వరుసగా వానలు తప్పితే పరిస్థితి ఎంత దారుణంగా పరిణమిస్తుందో కెన్యా చవిచూసింది. 2022 ఫిబ్రవరి నుండి అక్టోబరు వరకు తొమ్మిది నెలలలో కరవు వలన 205 ఏనుగులు, 512 వైల్డ్‌బీస్టులు, 381 చారలగుర్రాలు మరణించినట్లు ఆ దేశ ప్రభుత్వం ప్రకటించింది. అటువంటి ఏడాదిలో నీటిగుంట చుట్టూ నాలుగు జీపులు నిలబెడితే, దప్పికగొన్న జంతువు మనుషుల వాసనకు బెదిరి నీరు తాగకుండానే మరలిపోతుంది. కనుక వేసవిలో అడవికి పోయేవారికి ఎప్పుడు వెళ్ళాలన్న ప్రశ్నతోపాటు ఎంత దూరంలో ఆగాలన్న ప్రశ్న కూడా ఉండవలసినదే. ఎండుటాకులతో నిండిన నల్లమలలో ఆర్పకుండా విసిరిన ఒక్క బీడీముక్క చేసే హాని వేరే చెప్పనక్కరలేదు.

ఇక, ఏమి చూడాలనుకుంటున్నారన్నదానిని బట్టి ‘మంచికాలం’ అన్నమాటకు అర్థమే మారిపోతుంది. టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు వానను అనుసరించి ఏడాది పొడవునా వలయాకారంలో సంచరిస్తాయి. ఎద్దును తలపించే తల, గుర్రానికి ఉన్నటువంటి తోక గల మృగమది. జులై మొదలు అక్టోబరు వరకు అవి ఉత్తరాన మారా నదిని దాటుతాయి. మొసళ్ళు పొంచి ఉన్న ఆ నదిలోకి వేలాదిగా దూకే దృశ్యం జగత్ప్రసిద్ధం. కాని వాటి జీవితంలో అంతకన్న ముఖ్యమైన ఘట్టం ఫిబ్రవరి ప్రాంతంలో, పచ్చికకాలంలో, దక్షిణ మైదానంలో జరుగుతుంది. సమీప అగ్నిపర్వతాల బూడిద పడి ఖనిజలవణాలతో సారవంతమైన ఆ నేలలో మొలిచిన పొట్టిగడ్డి పాలిచ్చే తల్లులకు బలవర్ధకం. దూడలలో అధికభాగం రెండు మూడు వారాల వ్యవధిలోనే పుడతాయి. అన్ని దూడలు ఒక్కసారిగా పుట్టడం వలన సింహాలు, దుమ్ములగొండులు ఎన్ని తిన్నా ఎక్కువ దూడలు మిగులుతాయి. పుట్టిన దూడ కొద్ది నిమిషాలలోనే లేచి తల్లి వెంట నడుస్తుంది. నది దాటే దృశ్యం కోసం వచ్చిన యాత్రికునికి ఇది కనబడదు. దీనికోసం వచ్చినవానికి నది కనబడదు.

బోట్స్‌వానాలోని ఒకవాంగో నది సంగతి మరీ విచిత్రం. సుదూరాన అంగోలా ఎత్తుభూములలో కురిసిన వాననీరు నెలల తరబడి నెమ్మదిగా ప్రవహించి, బోట్స్‌వానాలో చినుకు లేని జూన్, జులై, ఆగస్టు నెలలలో ఆ ప్రాంతాన్ని వరదతో ముంచుతుంది. ఆ నది సముద్రాన్ని చేరదు. ఎడారి అంచులోనే పాయలుగా చీలి ఇంకిపోతుంది. అక్కడ పొడికాలమే నీటికాలం.

తెలుగునేలపై కూడా ఇటువంటి తేడాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ దక్షిణ కోస్తాలోని నేలపట్టు చెరువుకు ప్రాణం నైరుతి ఋతుపవనం కాదు, ఈశాన్య ఋతుపవనం. అక్టోబరు తరువాత కురిసే వానలతో చెరువు నిండితేనే పెలికాన్‌లనే గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పొదుగుతాయి. సమీపంలోని పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు చేరేదీ ఆ కాలంలోనే. నల్లమలలో పులిని చూడాలని వేసవిలో బయలుదేరినవాడు దారిలో నేలపట్టును కూడా చూద్దామనుకుంటే, అతనికి మిగిలేది ఖాళీ గూళ్ళే.

తిరిగి హరిణ వనస్థలికి వస్తే, ఇక్కడ నెమలి ఒక్కటే చాలు ఋతువు విలువ తెలపడానికి. వానకారు మొదట్లో పురివిప్పి ఆడే మగనెమలి, సంతానకాలం ముగియగానే ఆ పొడవైన ఈకలను రాల్చివేస్తుంది. చలికాలం మొదట్లో వెళ్ళినవారికి పురిలేని నెమలే ఎదురవుతుంది. కృష్ణజింక కథ కొంత వేరు. అది దట్టమైన అడవిని ఇష్టపడదు. శత్రువును దూరం నుండే పసిగట్టి పరుగుతో తప్పించుకొనే మైదానపు మృగం. అందుచేత దానిని చూడటానికి ఆకులు రాలేదాకా ఆగనక్కరలేదు. మెలితిరిగిన కొమ్ములు గల మగజింక వీపుపై నలుపు సంతానకాలంలో చిక్కబడుతుంది, ఆ కాలం గడిచాక వెలుస్తుంది. గడ్డి కాస్త వాలి, ఎండ ఇంకా ముదరని నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉదయపువేళ దానిని తీరికగా పరిశీలించడానికి అనువైనది. నడివేసవి మధ్యాహ్నం వెళ్ళడం వృథా. పొద నీడన కదలక కూర్చున్న జింకను గుర్తించడం కష్టం, గుర్తించి లేపడం అన్యాయం.

వానకాలపు అడవిని యాత్రికుడు విడిచిపెట్టడమే మేలు. జులై నుండి సెప్టెంబరు వరకు దేశంలోని పులుల అభయారణ్యాలు అనేకం, అమ్రాబాద్‌తో సహా, వనయాత్రలను నిలిపివేస్తాయి. బాటలు పాడైపోవడం ఒక కారణం. అనేక ప్రాణులు జతకట్టి సంతానాన్ని పెంచుకొనే వేళ కావడం మరొకటి. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని తెలుగు రైతు అంటాడు. ఆ వెంటనే జూన్ రెండవ వారంలో వచ్చే కార్తె మృగశిర. ఆ నక్షత్రం పేరుకు జింక తల అని అర్థం. తొలకరి పడిన వారానికే వనస్థలిలోని ఎర్రమట్టిపై పచ్చిక మొలుస్తుంది. అంతవరకు తొట్టెలవద్ద గుమికూడిన జింకలు మైదానమంతా పరచుకొని, సందర్శకుల కంటికి దూరంగా మేతకు పోతాయి.