పెట్టెలో బంధించిన గాలి

పిల్లలూ, ఇవాళ అరచేతిలో పట్టే స్పీకర్లో కూడా తబలా బాయా గుమకం వింటున్నారు. 1950ల మొదట్లో అమెరికాలో అలాంటి మంద్రస్వరం శుద్ధంగా వినాలంటే గదిలో ఓ మూలంతా ఆక్రమించే పెట్టె కావాల్సి వచ్చేది. దాన్ని పుస్తకాల అరలోకి తెచ్చినవాడు ఎడ్గార్ విల్చర్.

1917లో న్యూయార్క్‌లో పుట్టాడు. చదివింది ఇంజనీరింగ్ కాదర్రా, కళల చరిత్ర! నాటకాలకు సెట్టింగులు వేద్దామనుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి, సైన్యంలో ఎలక్ట్రానిక్స్ నేర్పింది.

స్పీకర్లో కాగితపు కోను ముందుకూ వెనక్కూ కదిలి గాలిని తోస్తుంది. సన్నని స్వరానికి కాస్త వణికితే చాలు, మంద్రస్వరానికి చాలా దూరం ఊగాలి. ఊగిన కోనును మళ్లీ తన చోటికి లాగడానికి చుట్టూ అంచూ, వెనకాల ఒక గుడ్డ పట్టీ బిగువుగా ఉండేవి. చిక్కంతా వాటితోనే. కొంచెం సాగితే బాగానే ఉంటాయి, ఎక్కువ సాగితే బిగుసుకుపోతాయి. అప్పుడు రికార్డులో లేని స్వరాలు కూడా పుట్టుకొస్తాయి.

విల్చర్ ఆ బిగువును చాలావరకు తీసేశాడు. మరి కోనును వెనక్కి లాగేదెవరు? సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి పిడి నొక్కి చూడండి, లోపలి గాలి చేతిని ఎలా నెడుతుందో! అలాగే గాలి చొరబడకుండా మూసిన పెట్టెలో కోను బిగించాడు. కోను లోపలికొస్తే నలిగిన గాలి బయటికి నెడుతుంది, బయటికెళితే పలచబడిన గాలి లోపలికి రప్పిస్తుంది. గుడ్డ పట్టీ కన్నా గాలి ఎంతో నిక్కచ్చిగా పనిచేసే స్ప్రింగు. ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. పెట్టె మరీ పెద్దదైతే ఆ గాలికి తగినంత బిగువు రాదు. అంటే చిన్న పెట్టెతో సరిపెట్టుకోవడం కాదు, చిన్న పెట్టే కావాలన్నమాట!

మొదటి నమూనాకు ఒక స్పీకరు అంచు కోసేసి, ఆ చోట పరుపు గుడ్డ అతికారు. దాని కొలతలు గీసిచ్చింది భార్య రోజ్‌మేరీ. విల్చర్ తన శిష్యుడు హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో మాసచూసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో 'అకూస్టిక్ రీసెర్చ్' కంపెనీ పెట్టి, ఏఆర్-1 అనే స్పీకరు తెచ్చాడు. 1958లో వచ్చిన ఏఆర్-3 ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ స్పీకర్లతో కచేరీలు పెట్టేవారు. వయొలిన్ వాళ్లు కమాను ఆడిస్తూనే వాయించడం ఆపేస్తే, పాట స్పీకర్లోంచి సాగేది. ఎప్పుడు మారిందో సభలో చాలామందికి తెలిసేది కాదు.

1967లో కంపెనీ అమ్మేశాక, విల్చర్ వినికిడి యంత్రాల మీద పడ్డాడు. నా దృష్టిలో ఇదే ఆయన పెద్ద పని. మా వయసువాళ్లం "కాస్త గట్టిగా చెప్పరా" అంటాం, గట్టిగా చెబితే "అరుస్తావేం" అంటాం. అది చాదస్తం కాదర్రా! చెవి లోపలి కణాలు దెబ్బతింటే చిన్న శబ్దం అసలు అందదు, పెద్ద శబ్దం మాత్రం ఎప్పటిలాగే మోగుతుంది. పైగా స, ష, త లాంటి హల్లులు ముందు జారిపోతాయి. అన్నిటినీ ఒకే లెక్కన పెంచే యంత్రం ఆ చెవికి హింస. మంద్ర, తార శబ్దాలను విడదీసి, దేనిలోనైనా మెల్లని శబ్దాన్ని ఎక్కువగా, గట్టి శబ్దాన్ని తక్కువగా పెంచాలన్నాడాయన. 1973లో ఆ పద్ధతిని అచ్చువేసి లోకానికిచ్చేశాడు, పేటెంటు తీసుకోలేదు. నేటి వినికిడి యంత్రాలు నడిచేది ఆ దారిలోనే. 2011లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో టీవీ శబ్దం పెంచుతూ పోతుంటే విసుక్కోకండి. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వినికిడి పరీక్ష చేయించండి.