కాగితం మీద అచ్చయ్యే కుంపటి

శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలోనే వేడినిచ్చే షీట్లు కూడా తయారవుతున్నాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ నిజం. కారు వెనుక అద్దం మీద కనిపించే సన్నటి అడ్డగీతలు ఈ కోవలోవే. వెండి కలిపిన ముద్దతో అచ్చువేసిన ఆ గీతల్లో కరెంటు పారగానే అద్దానికి పట్టిన తేమ ఆరిపోతుంది.

ఇస్త్రీపెట్టెలో వేడి పుట్టించేది నిక్రోమ్ తీగ. అది చుట్టిన చోటే కాగుతుంది. అచ్చు షీటు తీరు వేరు. మసి, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటు పొడి జిగురులో కలిపి నల్లసిరా చేస్తారు. దాన్ని పలుచని షీటు మీద అచ్చువేసి ఆరబెడతారు. రెండు అంచుల్లో వెండి సిరా పట్టీలుంటాయి. వాటికి బ్యాటరీ కలిపితే షీటంతా సమంగా వెచ్చబడుతుంది. 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు పారితే 24 వాట్ల వేడి పుడుతుంది.

కొన్ని సిరాలకు మరో మంచి గుణం ఉంది. వేడెక్కిన కొద్దీ జిగురు ఉబ్బి మసి రేణువులు దూరమవుతాయి. దాంతో కరెంటు దానంతటదే తగ్గుతుంది.

పొగ లేని వెచ్చదనం

చలికాలంలో కోడిపిల్లలు సాకేవారికి ఇది పట్టించుకోదగ్గ సంగతి. పిల్లలకు తొలి వారం 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనం కావాలి. ఆపైన వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. ఇందుకు బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగిస్తే కంటికి కనిపించని కార్బన్ మోనాక్సైడ్ పిల్లల ప్రాణమే కాదు, కావలి పడుకున్న మనిషి ప్రాణమూ తీయగలదు. షీటు వెచ్చదనంలో ఆ వాయువు పుట్టదు.

అయితే చిక్కులున్నాయి. ఇలాంటి షీట్లకు ఎక్కువగా వాడేది పాలియెస్టరు ప్లాస్టిక్. పాడైతే మట్టిలో కలవదు. అందుకే శాస్త్రజ్ఞులు కాగితం మీద, మొక్కజొన్న పిండితో చేసే ప్లాస్టిక్ మీద అచ్చువేసి చూస్తున్నారు. కాగితం చవకే గాని తడికి ఓర్చదు, 200 డిగ్రీలు దాటితే మాడుతుంది. మొక్కజొన్న ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. కనుక ఇవి అన్నం వండటానికి పనికిరావు, వెచ్చదనానికే సరి. ఇక ధర విషయం. మసి చవక, వెండి ప్రియం. వెండి వాడకం ఎంత తగ్గిస్తే షీటు సామాన్యుడికి అంత అందుబాటులోకి వస్తుంది.

ఒక్క జాగ్రత్త మరువరాదు. ఇంటి కరెంటు 230 వోల్టులు. 12 వోల్టుల షీటును నేరుగా ప్లగ్గుకు తగిలిస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లు ఒలికే చోట, కోళ్లు పొడిచే చోట షీటుపై రక్షణ పొర తప్పనిసరి.