నూనెకూ బట్టకూ మధ్య ఓ తెల్లపూత

అవిసె మొక్క కాండం నుంచి వచ్చే నారతో లినెన్ బట్ట నేస్తారు. అదే మొక్క గింజల నూనెలో తైలవర్ణాలు నూరుతారు. ఒకే మొక్క నుంచి వచ్చినా ఈ రెండింటికీ పొసగదు. నూనెరంగు ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడటం. ఆ క్రమంలో పుట్టే ఆమ్లాలు బట్టలోని సెల్యులోజ్‌ను తినేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ బట్ట గోధుమరంగుకు మారి పెళుసెక్కుతుంది. నూనెను బట్టకు తగలనివ్వకుండా ఆపేదే ప్రైమింగ్.

ఈ పూత మొదట చెక్కమీద పెరిగింది. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నినో చెన్నీని తన చేతిపుస్తకంలో జెస్సో అనే ఈ తెల్లపూత తయారీని వివరంగా రాశాడు. జిప్సంను నెల రోజులకు పైగా నీళ్లలో నానబెట్టి, రోజూ కలియబెట్టి, మెత్తబడ్డాక తోలు జిగురుతో కలిపి పొర మీద పొర పూయాలంటాడు. ఆ ఓపిక చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తేమ నిండిన వెనిస్‌లో ఫ్రెస్కోలు నిలవక, 16వ శతాబ్దానికి చిత్రకారులు కాన్వాస్‌వైపు మళ్లారు. చెక్కమీద నిలిచిన మందపాటి జెస్సో, చుట్టి పెట్టే బట్టమీద పగిలిపోయేది. అందుకే పూతను పల్చన చేశారు. తర్వాతి కాలంలో ముందు జిగురు, దానిపై నూనెలో నూరిన సీసపు తెలుపు వేయడం రివాజైంది.

జంతువుల తోళ్లు ఉడికించి తీసిన ఆ జిగురు పలుకుల్ని రాత్రంతా నానబెడితే ఉబ్బుతాయి. మరిగించకుండా వెచ్చచేసి బట్టకు రాస్తే, ఆరుతూ దాన్ని డప్పులా బిగిస్తుంది. దాని బలహీనతా అందులోనే ఉంది. గాలి పొడిబారితే కుంచించుకుపోయి పైనున్న రంగును పగలగొడుతుంది, తేమ బాగా పెరిగితే పట్టు వదిలేస్తుంది. స్మిత్సోనియన్ సంస్థలో మారియన్ మెక్లెన్‌బర్గ్ ఈ లాగుడు బలాల్ని కొలిచి చూపాడు.

1955లో అమెరికాలోని సిన్సినాటిలో హెన్రీ లెవిసన్ కంపెనీ నీటితో పలచబడే అక్రిలిక్ జెస్సో తెచ్చింది. ఆరాక సాగే గుణం దాన్ని నిలబెట్టింది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్లలో బొమ్మలు వేసేవారికి జిగురుకన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

చవక కాన్వాస్ కొన్నారా? ముందు ఓ మూల చుక్క నూనె వేసి, కొన్ని రోజులకు వెనక్కి తిప్పి చూడండి. మరక దిగితే పూత చాలనట్టే. మరో రెండు పూతలు వేసి, మధ్యలో ఎమరీ పేపర్‌తో రుద్దండి. కనీసం 3 రోజులు ఆరనిచ్చాకే నూనెరంగు ముట్టుకోండి.