మన పాట మనింట్లోనే

మన తెలుగు సంఘాల ఉగాది, దీపావళి కార్యక్రమాలు ఏ ఊళ్ళో చూసినా పాటల భాగం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. సినిమా పాటకి కరావోకే ట్రాకు పెట్టుకోవడం, మైకు పట్టుకుని పాడటం, చప్పట్లు. అందులో తప్పేమీ లేదు, ఆ పాటలంటే మనందరికీ ప్రాణం. కాని మనం ఇక్కడ బతుకుతున్న బతుకు ఆ పాటల్లో లేదు. ఏప్రిల్లో కురిసే మంచు, వేపపువ్వు దొరకని ఉగాది పచ్చడి, ఆరు నెలలుండి అమ్మానాన్నలు తిరిగి వెళ్ళిపోయిన మర్నాడు ఇంట్లో ఉండే నిశ్శబ్దం... వీటి మీద చెన్నైలోనో హైదరాబాదులోనో కూర్చున్నవాళ్ళు ఎందుకు రాస్తారు? రాయాల్సింది మనమే.

మిషిగన్‌లో మా బేస్‌మెంటులో ఒక మూలనే స్టూడియో అనుకుని, నలుగురైదుగురు మిత్రులతో కలిసి పాటలు రాసి, బాణీ కట్టి, రికార్డు చేయడం కొన్నేళ్ళుగా నాకు అలవాటు. పగలు సాఫ్ట్‌వేరు ఉద్యోగం, రాత్రి ఈ పని. ఈ సంగతి తెలిసినవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది "ఏ మైకు కొనమంటారు?" అని. నా దృష్టిలో అది నాలుగో ప్రశ్న. మొదటిది మాట, రెండోది శ్రుతి లయలు, మూడోది గది. ఈ మూడూ కుదిరాక మామూలు మైకుతో కూడా మంచి పాట వస్తుంది. ఇవి కుదరకపోతే ఎంత ఖరీదైన మైకైనా లోపాలనే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. అందుకని ఈ వ్యాసం కూడా ఆ వరసలోనే సాగుతుంది.

రికార్డు చేయడం ఎందుకు?

అన్నమాచార్యులవారు 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. తిరుమల కొండ మీద సంకీర్తన భాండాగారంలోని రాగిరేకుల పుణ్యమా అని వాటిలో సుమారు 14 వేలు మనకి దక్కాయి. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఆయన పాడిన వరస మాత్రం లేదు. ఈనాడు మనం వినే బాణీల్లో చాలా భాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి పెద్దలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రాగిరేకు మాటను నిలబెట్టింది గాని గొంతును నిలబెట్టలేకపోయింది. ఆ పని మన ల్యాప్‌టాప్ చేయగలదు. మాటనీ పాటనీ రెండింటినీ తానే కూర్చేవాడిని మన పెద్దలు వాగ్గేయకారుడన్నారు. మనం అంతటివాళ్ళం కాకపోవచ్చు. కాని మన ఇంటి పాటని మన గొంతుతో దాచుకునే వీలు వాళ్ళకి లేదు, మనకి ఉంది.

మాటకి మాత్ర

తెలుగు పాట రాసేవారికి ఛందస్సు పండితుల విద్యలా భయపెట్టనక్కరలేదు. ఒక్క సూత్రం చాలు. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ద్విత్వానికి, సంయుక్తానికి, సున్నాకి లొంగిన అక్షరానికి కూడా రెండు. ఉదాహరణకి మేం చేసుకున్న ఒక ఉగాది పాట పల్లవి ఇలా మొదలవుతుంది.

వేప పువ్వు లేదు కాని మంచు పువ్వు పూసెనే

విడదీసి చూడండి. వేప, పువ్వు, లేదు, కాని, మంచు, పువ్వు, పూసె. ఒక్కొక్కటీ సరిగ్గా మూడు మాత్రలు. చివరి "నే" రెండు మాత్రలది, దాన్ని ఒక మాత్ర సాగదీస్తే ఎనిమిది గణాలు నిండుతాయి. అంటే ఈ పంక్తి తిస్రగతిలో తనంతట తానే నడుస్తుంది. బాణీ కట్టేవారు కొత్తగా నడక వెతకనక్కరలేదు, మాటలోనే ఉంది. రికార్డింగు సాఫ్ట్‌వేరులో తాళం ఆరు బై ఎనిమిది అని పెట్టుకుంటే సరిపోతుంది.

అలాగే గురజాడ 1910లో ప్రచారంలోకి తెచ్చిన ముత్యాల సరం నడక మూడు, నాలుగు మాత్రల జంట. ఆ ఏడు మాత్రలూ మిశ్రచాపులో చక్కగా ఒదుగుతాయి. ఇక్కడ మనవాళ్ళకి ఒక చిక్కు వస్తుంది. ఏ సాఫ్ట్‌వేరు తెరిచినా మొదట కనిపించేది నాలుగు బై నాలుగు తాళం. దాన్ని మార్చకుండా కూర్చుంటే మన ఏడు మాత్రల పంక్తి ఎనిమిదికి సాగి, ఎక్కడో ఒక అక్షరం అనవసరంగా దీర్ఘమైపోతుంది. ఏడు బై ఎనిమిదికి మార్చి, మూడు, నాలుగుగా విరిచి క్లిక్కు పెట్టుకోండి.

ఒక అక్షరం సాగితే ఏమవుతుందంటారా? తెలుగులో అర్థమే మారిపోతుంది. "పడు" సాగితే "పాడు" అవుతుంది. "పలు" సాగితే "పాలు" అవుతుంది. ఇంగ్లీషులో పొట్టి అచ్చుని ఎంత సాగదీసి పాడినా మాట అదే మాట. మనకి ఆ వెసులుబాటు తక్కువ. అందుకే బాణీ ముందా, సాహిత్యం ముందా అన్న పాత వాదంలో నేను ఇంటి పాటలకి సాహిత్యమే ముందు అంటాను. సినిమాల్లో ముందు బాణీ ఇచ్చినా దానికి అతికేటట్లు రాయగల చేయి తిరిగిన కవులున్నారు. మనకి ఆ చేయి తిరిగేదాకా మాటనే ముందు నడవనివ్వడం క్షేమం.

శ్రుతి, లయ ముందే తేల్చుకోవాలి

మన లెక్కలో ఒకటో శ్రుతి అంటే కీబోర్డు మీద సి, రెండు అంటే డి, ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. సాధారణంగా మగవారి గొంతు ఒకటి, రెండు ప్రాంతాల్లోనూ, ఆడవారిది ఐదు, ఆరు ప్రాంతాల్లోనూ హాయిగా పలుకుతుంది. పాడేవారు ఎవరో తేలాక పల్లవిలో అన్నిటికంటే కింది స్వరాన్నీ, చరణంలో అన్నిటికంటే పై స్వరాన్నీ వారి చేత పాడించి చూడండి. రెండూ కష్టం లేకుండా పలికితే అదే మీ శ్రుతి. వాద్యాలన్నీ వాయించాక శ్రుతి మార్చాలంటే మళ్ళీ వాయించాలి, లేదా సాఫ్ట్‌వేరు చేత మార్పించాలి. రెండోదానివల్ల తబలా, వేణువు నాదం పలచబడిపోతుంది.

శ్రుతి, కాలం తేలాక తంబూరా నాదం, క్లిక్కు పెట్టుకుని పాట మొత్తం ఒకసారి మామూలుగా పాడి దాచుకోండి. దీన్ని గైడ్ ట్రాక్ అంటారు. తరవాత వాయించే ప్రతివారూ దీన్ని వింటూనే వాయిస్తారు. ఇది చివరి పాటలో ఉండదు, కాని ఇల్లు కట్టేటప్పుడు ముగ్గు పోసినట్లు పనికొస్తుంది.

గది

అమెరికా ఇళ్ళల్లో ఖాళీ గోడల గదిలో చప్పట్లు కొట్టి చూడండి. "టంగ్" అని ఒక చిన్న మోత తిరిగి వస్తుంది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకోవడమే దానికి కారణం. చెవి దాన్ని సర్దుకుంటుంది గాని మైకు సర్దుకోదు. రికార్డు చేశాక ఆ మోతని తీసేయడం చాలా కష్టం. కాబట్టి ముందే ఆపాలి.

దీనికి చవకైన ఉపాయం మన ఇంట్లోనే ఉంది. బట్టలు నిండుగా వేలాడే వాక్-ఇన్ క్లాజెట్ గొంతు రికార్డు చేయడానికి చాలా అనువైన చోటు. చీరలు, కోట్లు, కింద కార్పెట్టు అన్నీ శబ్దాన్ని పీల్చుకుంటాయి. క్లాజెట్ లేకపోతే పాడేవారి వెనక, పక్కన మందపాటి కంబళ్ళు వేలాడదీయండి. వెనక ఎందుకంటే, గొంతుకి వాడే చాలా మైకులు ఎదుటి నుంచి వచ్చేదాన్నే ఎక్కువగా వింటాయి. వాటి ఎదురుగా ఉండేది పాడేవారు, వారి వెనకున్న గోడ. పలచటి స్పాంజి ముక్కలు గోడకి అంటిస్తే పై స్థాయి శబ్దాలు కొంత తగ్గుతాయి గాని కింది స్థాయి మోత అలాగే ఉంటుంది. బయటి శబ్దాన్నయితే అవి ఆపనే ఆపవు. ఫర్నేసు చప్పుడు ఆపాలంటే ఆ పావుగంటా ఫర్నేసు ఆపడమే మార్గం. జనవరిలో అయితే ఇంట్లోవాళ్ళ అనుమతి తీసుకుని ఆపండి.

ఇప్పుడు మైకు

స్టూడియోల్లో గొంతుకి ఎక్కువగా వాడే కండెన్సర్ మైకు చాలా సున్నితం. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, అది ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి అందుతుంది. గది మరీ మోతగా ఉంటే వేదికల మీద వాడే డైనమిక్ మైకే మేలు. 1966 నుంచి ఉన్న షూర్ ఎస్ఎం58 వంటివి దగ్గరగా పాడితే గదిని పెద్దగా పట్టించుకోవు.

మైకుకీ నోటికీ మధ్య జానెడు దూరం మంచి కొలత. దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం దాదాపు తగ్గదు. మరీ దగ్గరికి వెళితే కింది స్థాయి బరువెక్కి గొంతు కుండలోంచి వచ్చినట్లుంటుంది. ప, బ, ఫ, భ అక్షరాల దగ్గర గాలి మైకుని కొట్టకుండా పాప్ ఫిల్టర్ తప్పనిసరి.

రికార్డింగు 24 బిట్లలో పెట్టుకుని, గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 12 దగ్గర ఆగేటట్లు చూసుకోండి. సున్నా దాటితే శబ్దం చీలిపోతుంది. తక్కువ స్థాయిలో రికార్డయితే తరవాత పెంచుకోవచ్చు, చీలినదాన్ని మాత్రం అతికించలేం.

మరో ముఖ్యమైన మాట, ఆలస్యం. మీ గొంతు కంప్యూటరులోకి వెళ్ళి హెడ్‌ఫోన్లలోకి తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది. 48 వేల సాంపుల్ రేటులో 128 సాంపుల్స్ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21.3. ఇది లోపలికీ బయటికీ కలిసి రెట్టింపు, ఆపైన కూడా అవుతుంది. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకి సుమారు ఒక అడుగు ప్రయాణిస్తుంది. అంటే 40 మిల్లీసెకన్ల ఆలస్యంతో పాడటం, మీ గొంతుని 40 అడుగుల దూరంలోంచి విన్నట్లే. తాళం నిలవదు. కాబట్టి రికార్డు చేసేటప్పుడు బఫర్ తగ్గించండి, మిక్సింగ్ చేసేటప్పుడు పెంచుకోండి. సాఫ్ట్‌వేరు విషయానికొస్తే ఉచితంగా దొరికే ఆడాసిటీ, ఆపిల్‌వారికి గరాజ్‌బ్యాండ్ మొదలుపెట్టడానికి ధారాళంగా చాలు.

గొంతు, గమకం, పిల్లల తెలుగు

పాటని ముక్కలుగా కాకుండా మొదటినుంచి చివరిదాకా మూడు నాలుగు సార్లు పాడించి, వాటిలో మంచి పంక్తులు ఏరుకోండి. భావం తెగదు. శ్రుతి దిద్దే ఆటో-ట్యూన్ వంటి పరికరాలు స్వరాన్ని దగ్గరలో ఉన్న కీబోర్డు మెట్టు మీదికి లాగుతాయి. మన గమకానికి ప్రాణం మెట్టు మీద కాదు, మెట్ల మధ్య జారులో ఉంటుంది. దాన్ని వేగంగా దిద్దమని పెడితే అపస్వరంతో పాటు రాగం కూడా పోతుంది. ఎక్కడ అవసరమో ఆ ఒక్క స్వరానికి, అదీ నెమ్మదిగా దిద్దేటట్లు వాడండి.

ఇక్కడ పుట్టిన పిల్లల చేత పాడించేటప్పుడు సాహిత్యం కాగితం పట్టుకుని ఒకరు పక్కన కూర్చోవాలి. ఇంగ్లీషు అలవాటైన నాలుకకి త, ట రెండూ ఒకే చోట పలుకుతాయి. "పాట"కీ "పాత"కీ తేడా ఉండదు. ల, ళ సంగతి సరేసరి. వంద సార్లు చెప్పినా వినని పిల్లలు, తమ గొంతు తామే హెడ్‌ఫోన్లలో విన్నాక "మళ్ళీ పాడతాను" అని వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు. మా బేస్‌మెంటులో నేను చూసిన గొప్ప లాభం ఇదే.

ఖండాంతర వాద్యబృందం

తబలా హైదరాబాదులో, వేణువు చెన్నైలో, గొంతు న్యూజెర్సీలో ఉన్నా పాట కుదురుతుంది. నియమాలు మూడే. అందరూ ఒకే సాంపుల్ రేటు వాడాలి. ప్రతి ఫైలూ పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, మధ్యలో వాయించినా సరే. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైళ్ళు పంపాలి. 48 వేలలో చేసిన ఫైలుని మార్చకుండా 44.1 వేలలో వాయిస్తే వేగం 8 శాతం తగ్గి, శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానాలు కిందికి దిగుతుంది.

మిక్సింగులో నేను పాటించేది ఒక్కటే సూత్రం. మొదటిసారి వినేవారికి ప్రతి మాటా అర్థం కావాలి. గొంతులో 80 హెర్ట్జ్ కిందనున్న గుడగుడ తీసేసి, వాద్యాలని గొంతు చుట్టూ సర్దండి. కారులో, ఫోనులో, చిన్న స్పీకర్లలో విని చూడండి. స్పాటిఫై వంటివి పాటలన్నిటినీ మైనస్ 14 లఫ్స్ దగ్గరికి సర్దుతాయి కాబట్టి హోరు పెంచి లాభం లేదు.

కాగితం మీద నాలుగు మాటలు

అమెరికా చట్టంలో ఒక పాటకి రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ కలిసిన రచన ఒకటి, ఆ రికార్డింగు రెండోది. రికార్డు చేసిన క్షణాన్నే అవి పుడతాయి. స్నేహితులమే కదా అని వదిలేయకుండా ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు, వాద్యకారులకి ఏమిచ్చారు అన్నది ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు చేయండి. స్నేహం పదికాలాలు నిలవడానికే ఈ కాగితం.

పూర్తయిన పాటతో పాటు విడివిడి ట్రాకులు, సాహిత్యం, శ్రుతి, తాళం, తేదీ అన్నీ రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చినప్పుడు వాళ్ళకి తెలిసిన జోలపాటలు, పెళ్ళిపాటలు ఇదే మైకు ముందు పాడించుకోండి. వాటి వరసలు చాలా వరకు ఏ రాగిరేకు మీదా లేవు, వాళ్ళ గొంతుల్లోనే ఉన్నాయి. వచ్చే ఉగాదికి మీ ఊరి సంఘం వేదిక మీద పది సినిమా పాటల మధ్య మీరు రాసిన పాట ఒక్కటి వినిపిస్తే చాలు. పై ఏడు రెండవుతాయి.